ముప్పాతిక ఖాళీ, చోటు మాత్రం లేదు

డిస్కుని ముక్కలు చెయ్యకుండా కంప్యూటర్ వాడేవాడికి పిల్లనివ్వకూడదని నా నిశ్చితాభిప్రాయం!

మీరే ఆలోచించండి. కంప్యూటర్ని నడిపే లినక్స్ సిస్టమ్ ఎక్కించేముందు అది మర్యాదగా అడుగుతుంది, డిస్కు మొత్తం నన్నే చూసుకోమంటారా, మీరే పంచుతారా అని. ‘అంతా నువ్వే చూసుకో’ అనేవాడు బద్ధకస్తుడు. నాలాంటివాడు కుర్చీ ముందుకి లాక్కుంటాడు. సిస్టమ్‌కి ఒక పార్టిషను, అంటే వాటా, మెమరీ పొంగితే పట్టడానికి స్వాప్ అని ఒకటి, సిస్టమ్ తన గోడు రాసుకునే లాగ్‌లకి ఒకటి, ఇంట్లోవాళ్ల ఫైళ్లకి ఒకటి. మధ్యలో గోడలు. ఒకరి చెత్త ఇంకొకరి మీద పడదు. అన్నదమ్ములకి ఇంత శుభ్రంగా పంపకాలు చేస్తే కోర్టులు మూతపడవూ?

ఆ పంపకాల్లో పడి నేను తిండి మరిచిపోయాను. స్వాప్ ఎంతుండాలని ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదికలో అడిగితే జ్ఞానులు రెండు పార్టీలై జుట్లు పట్టుకున్నారు. ఎంత ఆనందమో! వేసిన గోడ చెరిపి మళ్లీ వేశాను, మళ్లీ చెరిపాను. చివరికి డిస్కులో ముప్పాతిక భాగం నేను రాయబోయే నవలకి కేటాయించాను. నవలకి అంత చోటెందుకంటారా? దాన్ని సినిమా తీస్తారు. సినిమాకి సీక్వెల్ ఉంటుంది. దూరదృష్టి అంటే అదండీ!

నా భార్య ఇదే కంప్యూటర్‌లో ఇళ్లకి ప్లాన్లు గీస్తుంది. నిన్న మధ్యాహ్నంలోగా ఒక ప్లాను పంపకపోతే ఆ పని చెయ్యిజారిపోయే పరిస్థితి. తీరా సేవ్ నొక్కితే చోటు లేదంది కంప్యూటర్.

“డిస్కు నిండిపోయిందా?” అని అడిగింది.

“లేదు. ముప్పాతిక ఖాళీ.”

“మరి చోటు లేదంటుందేం?”

“ఆ ఖాళీ నీ వాటాలోది కాదు.”

ఆవిడ పెన్‌డ్రైవ్ కోసం సొరుగు లాగింది. “వంటింట్లో మసలడానికి చోటు లేకుండా, ఎప్పుడో వచ్చే చుట్టాల కోసం అంతేసి హాలు గీస్తే నన్ను పనిలోంచి తీసేస్తారండీ. ఇంతకీ నవల ఎంతవరకు వచ్చింది?”

ముందు ప్లానింగ్ పూర్తవ్వాలి కదా అన్నాను.

ఆవిడ ప్లానుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇంకో యంత్రం నుంచి సమయానికి పంపేసింది. తర్వాత మిగతా ఫైళ్లు కూడా భద్రం చేసుకుని, డిస్కంతా తుడిచి, ‘అంతా నువ్వే చూసుకో’ నొక్కింది. నా టీ చల్లారేలోపు అయిపోయింది. ఆపైన ఒక కొత్త ఫైలు తెరిచి, దానికి నా నవల పేరు పెట్టి, “ఇక రాసుకోండి, ఎంత కావాలంటే అంత చోటుంది” అని తన పనిలో పడిపోయింది.

పాఠకులారా, అన్యాయం చూశారా? పొద్దుట్నుంచీ ఆ తెల్ల పేజీ ముందు కూర్చున్నాను. నాకు నవల రాయడం చేతకాదన్న సంగతి ఇన్నాళ్లూ ఎంత భద్రంగా ఉండేది!