అరకిలో బరువెక్కిన తుపాకీ

ఆ ఉదయం మాంబెత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, గుర్రమెక్కాలి, బావమరిది జోల్దోష్‌ని వెంటేసుకుని కొండకు వెళ్ళాలి, పొద్దు వాలేలోగా ఒక కొండమేకను కొట్టాలి. వేట అనుమతి మూడు రోజులకే. మొదటి రోజే పని అయిపోతే మిగతా రెండు రోజులూ ఆ కథను ఊళ్ళో చెప్పుకుంటూ తిరగవచ్చు.

తాష్-బులాక్ ఊరికి మాంసం కొట్టు మాంబెత్‌దే. యాభై మూడేళ్ళ మనిషి, చెడ్డవాడు కాడు. కాకపోతే అనుమానం అతనికి పుట్టుకతో వచ్చింది. ఎవరైనా నవ్వుతూ సలాం చెబితే ఇంటికి పోయి గొర్రెల్ని లెక్క పెట్టుకునేవాడు. నవ్వకుండా చెబితే రెండుసార్లు లెక్క పెట్టుకునేవాడు. పన్నెండేళ్ళ కిందట, ఈ చుట్టుపక్కల దొరికే కాటాలన్నీ మోసపువేనని తేల్చుకుని, రెండు రోజులు ప్రయాణం చేసి పట్నం నుంచి ఒక కొక్కెం కాటా కొని తెచ్చుకున్నాడు. గుండ్రటి ముఖం, ఎర్రటి ముల్లు. ఈ లోకంలో అతను అనుమానించని వస్తువు అదొక్కటే.

తుపాకీ మాత్రం కొత్తది. తండ్రి ఇచ్చిపోయిన పాత తుపాకీ ఐదు కిలోలు తూగేది. కిందటేడు దాన్ని మోసుకుంటూ శిఖరం దాకా చేరేసరికి మోకాళ్ళు రెండూ చెరో దారిన పోతామన్నాయి. ఎదురుగా నూరు గజాల దూరంలో కొండమేక నిలబడి ఉంది. మాంబెత్ ఆయాసం తీరుతుందేమోనని అది కాసేపు ఓపిగ్గా చూసింది. ఇక లాభం లేదనుకుందేమో, మెల్లగా నడిచి వెళ్ళిపోయింది. అందుకే ఈ ఏడు ఒక జడలబర్రెను అమ్మేసి తేలిక తుపాకీ కొన్నాడు. సన్నటి గొట్టం, చెక్కకు బదులు బోలుగా ఉండే నల్లటి పిడి. పైన బిగించిన దూరదర్శినితో, భుజానికి తగిలించుకునే పట్టీతో కలిపి సరిగ్గా మూడు కిలోలు. కాగితం మీద అదే రాసి ఉంది. పట్నం అంగడివాడు తూచి చూపించాడు. మాంబెత్ నమ్మక పక్క అంగట్లో మళ్ళీ తూయించాడు. అక్కడా మూడే.

తేలిక తుపాకీకి ఒక గుణముంది. మోసేటప్పుడు పువ్వులా ఉంటుంది, పేల్చేటప్పుడు గాడిదలా తంతుంది. గురి చూసుకోవడానికి వాగులో మూడు గుళ్ళు పేల్చేసరికి మాంబెత్ భుజం బీట్‌రూట్ రంగుకు తిరిగింది, దూరదర్శిని మరలు వదులయ్యాయి. ట్రాక్టర్లు బాగుచేసే జోల్దోష్ తన షెడ్డులో ఆ మరలు బిగించి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ తుపాకీని చిటికెన వేలితో ఎత్తి, "ఇట్లాంటిది నాకుంటేనా బావా, రోజూ కొండ మీదే కాపురం" అన్నాడు. ఆ మాట మాంబెత్ కడుపులో ముల్లులా దిగింది.

ఇక ఆ ఉదయం. తేలిక తుపాకీ వచ్చిన దగ్గర్నుంచి మాంబెత్‌కి ప్రతి వస్తువూ బరువుగానే కనిపిస్తోంది. కొట్టు ముందు దూలానికి వేలాడుతున్న కాటాకు ఒక్కొక్కటే తగిలించి తూస్తున్నాడు. భార్య కాలీపా కట్టిచ్చిన రెండు రొట్టెల్లో ఒకదాన్ని సగానికి కోశాడు.

"ఏందయ్యా, నీ పొట్ట మీదే ఇరవై కిలోలుంది. అది దించక నా రొట్టె దించుతావా?" అంది కాలీపా.

మాంబెత్ విననట్టు చక్కెర పాకెట్‌ని తగిలించాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది, అంటించిన మూతి విప్పలేదు. దాని మీద ఒక కిలో అని రాసి ఉంది. ముల్లు మాత్రం కిలో దాటి మరో నూట అరవై గ్రాముల దాకా పోయింది. మాంబెత్ ముఖం వెలిగింది. "పొరబాటున ఎక్కువ పోశారు వెధవలు. బయట అనకు" అని గుసగుసగా చెప్పి, పాకెట్‌ని గబగబా గుర్రం మీది సంచిలోకి తోశాడు.

చివరగా, కేవలం ముచ్చట కోసం, ఖాళీ తుపాకీని పట్టీతో కొక్కేనికి తగిలించాడు. మూడు కిలోలు చూసి మురిసిపోదామని అతని ఆశ.

ముల్లు మూడు దాటింది. మూడున్నర దగ్గర ఆగింది.

మాంబెత్ దించి మళ్ళీ తగిలించాడు. మూడున్నర. ఊపిరి బిగబట్టి తగిలించాడు. మూడున్నర. అరకిలో ఇనుము రాత్రికి రాత్రి మొలకెత్తదు. ఎవరో గొట్టం మార్చారు. సన్నటిది తీసేసి లావుది పెట్టారు. ఈ ఊళ్ళో మరలు విప్పడం, బిగించడం తెలిసిన చెయ్యి ఒకటే ఉంది. పైగా షెడ్డులో మరలు బిగించిన రోజు తను టీ తాగడానికి లోపలికి వెళ్ళాడు. ఆ టీ కూడా, ఇప్పుడు తలుచుకుంటే, మరీ వేడిగా ఇచ్చారు. చల్లారేదాకా కూర్చోబెట్టడానికే!

సరిగ్గా అప్పుడే జోల్దోష్ ఈల వేసుకుంటూ గుర్రం మీద వచ్చాడు.

"సలాం బావా! బయల్దేరదామా?"

మాంబెత్ అతన్ని కిందినుంచి మీది దాకా చూశాడు. "చాలా హుషారుగా ఉన్నావే."

"ఉండనా మరి? వేటకు పోతున్నాం."

"ఏ తుపాకీతో పోతున్నాం?"

"నీ తుపాకీతోనే."

"నా తుపాకీ అంటే ఏది? కొట్టులో ఉన్నదా, నీ షెడ్డులో ఉన్నదా?"

జోల్దోష్ నవ్వాడు. ఆ నవ్వు చూసి మాంబెత్‌కి ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. "నా గొట్టం ఎక్కడ దాచావురా?" అని గట్టిగా అరిచాడు.

జోల్దోష్ నవ్వు ఆరిపోయింది. "బావా, నన్ను దొంగంటున్నావా?"

"నేననడం లేదు. కాటా అంటోంది."

అప్పటికే కిలో మాంసం కోసం వచ్చిన బురుల్ అవ్వ వాకిట్లో నిలబడి ఉంది. అవ్వకు ఒక చెవి వినపడదు, రెండో చెవికి వినపడింది నోట్లో ఆగదు. మాంసం సంగతి మరచిపోయి నీళ్ళ పంపు దగ్గరికి నడిచింది. మాంబెత్ తుపాకీ గొట్టం మారిందట అని అవ్వ చెప్పింది. పంపు దగ్గరి నుంచి బడి దాకా వెళ్ళేసరికి జోల్దోష్ గొట్టాలు మారుస్తాడట అయింది. బడి నుంచి పంచాయతీ ఆఫీసుకు చేరేసరికి ట్రాక్టర్ షెడ్డులో తుపాకులు తయారవుతున్నాయి. ఆ ఆఫీసులో టీ తాగుతున్న పోలీసు అధికారి సాదికోవ్ కప్పు సగంలో వదిలేసి టోపీ పెట్టుకున్నాడు.

ఆయన వచ్చేసరికి కొట్టు ముందు ముప్ఫై మంది పోగయ్యారు. మాంబెత్ గుర్రం మీద కాలీపా కూర్చుని ఉంది.

"దిగవే, అది నా గుర్రం" అంటున్నాడు మాంబెత్.

"దిగను. నా తమ్ముడు దొంగైతే నేను దొంగ అక్కని. దొంగల ఇంటికే పోతా."

"నిన్ననలేదుగా!"

"ముప్ఫై ఏళ్ళ నుంచి పెట్టె తాళంచెవి మొలకు కట్టుకుని పడుకుంటావు. అనకపోతే తెలీదనుకున్నావా?"

జనం నవ్వారు. మాంబెత్‌కి ఆ నవ్వులో కూడా ఏదో కుట్ర వినిపించింది.

సాదికోవ్ కాగితాలు తెరిచాడు. తుపాకీ మీది నంబరు చూశాడు. "నంబరు సరిపోయిందయ్యా."

"నంబరు చెక్కడమెంతసేపు సారూ? వీడు చచ్చిన ట్రాక్టర్‌కి ప్రాణం పోస్తాడు."

అధికారి లోపల గుండు లేదని తుపాకీని తెరిచి చూసుకుని, తానే స్వయంగా తుపాకీని కాటాకు తగిలించాడు. మూడున్నర. జనంలో గుసగుస లేచింది. ఆయన కలం తీశాడు.

"ఈ కాటా సరైనదేనా?"

మాంబెత్‌కి రోషం ముంచుకొచ్చింది. బల్ల మీది సగం రొట్టెను చేతిలోకి తీసుకున్నాడు. "రొట్టె మీద ఒట్టేసి చెప్తున్నా సారూ. పన్నెండేళ్ళలో ఈ కాటా ఒక్క గ్రాము అబద్ధమాడలేదు. మనుషులు ఆడతారు, ఇది ఆడదు."

సాదికోవ్ ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. "అయితే కాగితంలో మూడు, చేతిలో మూడున్నర. ఇది ఆ తుపాకీ కాదన్నమాట. సీజ్ చేస్తున్నా. జిల్లాకు పంపాలి. జోల్దోష్, నువ్వు నాతో జీపెక్కు. మాంబెత్, ఇక్కడ సంతకం పెట్టు."

"తుపాకీ మళ్ళీ ఎప్పుడొస్తుంది సారూ?"

"రెండేళ్ళు పట్టొచ్చు."

"మరి వీడు?"

"అది నేను చెప్పలేను."

మాంబెత్ కలం పట్టుకుని ఆగాడు. బావమరిది బతిమాలతాడని, తిడతాడని, కనీసం ఒట్టేస్తాడని ఎదురుచూశాడు. జోల్దోష్ అదేమీ చెయ్యలేదు. తెల్లటి ఉన్ని టోపీ సరిచేసుకుని జీపు వైపు నడిచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"బావా, సాయంత్రం నా గుర్రానికి నీళ్ళు పెట్టు. మంచు పడకముందే కొండకెళ్ళు, మంచు నీ మోకాళ్ళకు మంచిది కాదు. నువ్వొక్కడివే పోకు, ఎవర్నైనా తోడు తీసుకెళ్ళు."

మాంబెత్ ముఖం తిప్పుకుందామని గుర్రం వైపు చూశాడు. కాలీపా మోకాలి పక్కన సంచి మూతి తెరుచుకుని ఉంది. అందులోంచి చక్కెర పాకెట్ తొంగి చూస్తోంది.

కిలో. కిలో మీద నూట అరవై.

ఫ్యాక్టరీవాడు ఎందుకు ఎక్కువ పోస్తాడు? లోకంలో ఎవడైనా ఎవడికైనా ఎక్కువ పోసిన సంగతి తాను యాభై మూడేళ్ళలో చూశాడా? మాంబెత్ వీపు మీద చెమట పట్టింది. మూడు కిలోలకు అరకిలో ఎక్కువైతే, కిలోకి ఎంత? వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. నూట అరవై, నూట డెబ్బై. గొట్టాన్ని ఎవరూ మార్చలేదు. చక్కెర పాకెట్‌కి ఎవరూ గొట్టం బిగించలేదు.

ఈ సంగతి ఇక్కడ తనకొక్కడికే తెలుసు. నోరు మూసుకుంటే తాను తాష్-బులాక్‌లో నిఖార్సైన మాంసం వ్యాపారి. తుపాకీ పోతుంది, బావమరిది పోతాడు, పెళ్ళాం ఆ గుర్రం మీదే పుట్టింటికి పోతుంది. నోరు తెరిస్తే అందరూ మిగులుతారు, తన పేరు పోతుంది. అదీ ముప్ఫై మంది ముందు, రొట్టె మీద ఒట్టేసిన నోటితోనే. సంతకం పెట్టమని సాదికోవ్ వేలితో చూపించాడు. మాంబెత్ చెయ్యి కాగితం దాకా వెళ్ళింది.

"సారూ..."

"ఏంటి?"

"ఆ చక్కెర పాకెట్... ఒకసారి తూయండి."

కాలీపా గుర్రం మీదినుంచే అందించింది. సాదికోవ్ దాన్ని మూటకట్టి కొక్కేనికి తగిలించాడు. ముల్లు కిలో దాటి వెళ్ళింది. ఆయన పాకెట్ మీది అక్షరాలు చదివాడు, ముల్లు చూశాడు, మళ్ళీ అక్షరాలు చదివాడు. బురుల్ అవ్వ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. ఒక చేతి వేళ్ళు అయిపోయి రెండో చేతికి వచ్చింది.

"అంటే నాయనా, ఇన్నాళ్ళూ ఏడు కిలోలని నువ్వు నాకిచ్చింది ఆరేనా?"

"నాకు తెలీదు అవ్వా! దేవుడి తోడు, ఈ రోజు దాకా తెలీదు. లోపలి స్ప్రింగు సాగిపోయి ఉంటుంది."

"ఎప్పట్నుంచి సాగింది?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"నాకేం తెలుసు?"

"నీకు తెలీదంటే ఎట్లా నమ్మేది నాయనా?" అంది అవ్వ చాలా మెత్తగా. "ఈ ఊళ్ళో ఎవర్నీ నమ్మొద్దని నువ్వే కదా చెప్పేవాడివి."

మాంబెత్ చుట్టూ చూశాడు. ముప్ఫై జతల కళ్ళు అతన్ని కిందినుంచి మీది దాకా చూస్తున్నాయి. ఆ చూపు అతనికి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ అది తన ముఖం మీద ఉండేది కాబట్టి, అవతలి మనిషికి ఎట్లా ఉంటుందో ఎప్పుడూ తెలియలేదు. చేతిలోని సగం రొట్టెను ఎక్కడ పెట్టాలో తోచక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

జీపులో ఒక కాలు పెట్టిన జోల్దోష్ అది తీసేసి వెనక్కి వచ్చాడు.

"మా బావ దొంగ కాదు" అన్నాడు అందరికీ వినపడేలా. "దొంగైతే చక్కెర మాట ఎత్తేవాడా? నన్ను జీపెక్కించి హాయిగా ఇంట్లో కూర్చునేవాడు. అనుమానప్పక్షి అనండి, ఒప్పుకుంటా. దొంగనడానికి లేదు."

"ఇందాక నిన్నన్నాడుగా!"

"అన్నాడు. నన్ననే హక్కు ఆయనకుంది, మా అక్కనిచ్చాం. మీకు లేదు."

ఎవరో ముందు నవ్వారు. తరువాత అవ్వ నవ్వింది. అవ్వ నవ్విందంటే ఊరు నవ్వినట్టే. కాలీపా గుర్రం దిగింది. దిగి మాంబెత్ చేతిలోని రొట్టె తీసుకుని, రెండుగా తుంచి, పెద్ద ముక్క తమ్ముడికిచ్చింది.

మాంబెత్ వెనక దొడ్డిలోకి వెళ్ళి, ఉన్న గొర్రెల్లో బలిసినదాన్ని తనే లాక్కొచ్చాడు. మధ్యాహ్నానికి పెద్ద బాన పొయ్యి మీదికెక్కింది. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు దోసిళ్ళతో పెట్టాడు, తూచలేదు. బురుల్ అవ్వ తన ముక్కను అరచేతిలో పైకీ కిందికీ ఎగరేసి చూసుకుంటే, మాంబెత్ గమనించనట్టు ఇంకో ముక్క వేశాడు.

"రేపు పొద్దున్నే పోదాం బావా" అన్నాడు జోల్దోష్ ఎముక చీకుతూ. "ఇంకా రెండు రోజులుంది."

మాంబెత్ తల వంచుకుని టీ పోశాడు. "నీకు... చక్కెర ఎంత వేయమంటావు?"

"నీ ఇష్టం. నీ చేతి మీద నాకు నమ్మకముంది."

సాదికోవ్ కడుపునిండా తిని, చేతులు తుడుచుకుని, పొద్దున మొదలుపెట్టిన రిపోర్టును అక్కడే కూర్చుని పూర్తి చేశాడు. మొత్తం రెండు పేజీలు వచ్చింది. అందులో ఆఖరి వాక్యం ఇది: "విచారణలో తుపాకీ నిర్దోషి అని తేలింది, కాటాను అదుపులోకి తీసుకోవడమైనది."