పరిహారంలో నాలుగు పావులు

ఆ సోమవారం తవిటయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. భాలుబాసా బస్తీలో ఇంటి దగ్గర ఇంత చద్దన్నం తిని, పదింటికి సాక్చీ వెళ్లి, కార్మికుల పరిహారం ఆఫీసులో అర్జీ పడేసి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. కంట్రాక్టరు షెడ్డులోని ప్రెస్సు మిషను అతని ఎడమచేతి వేళ్లు రెండు తీసుకుంది. కంట్రాక్టరు ఎంతో జాలిపడి అరడజను అరటిపళ్లు పంపించాడు.

పక్కింటి వరహాలు ఆ పథకం విని నవ్వాడు. అతను ఏనాడూ కోర్టు మెట్లెక్కలేదు గనక చట్టం విషయంలో అతనికి ఏ సందేహమూ లేదు.

"వకీలు నేకండా ఎల్తావేటి బావా? నవ్వుతారు! రా, నాకు తెలిసినోడున్నాడు."

ఆ తెలిసినవాడు ఓఝా వకీలు. "అభీ ఏక్ పైసా నహీ. మిల్‌నే కే బాద్ చౌథాయి," అన్నాడాయన. ఇప్పుడు పైసా ఇవ్వక్కర్లేదన్నది తవిటయ్య చెవికెక్కింది. వచ్చినదాంట్లో పావు వంతన్నది ఎక్కలేదు. సంతకం చేసేశాడు.

భార్య జోగమ్మకు అనుమానం వచ్చింది. "ఊరికే సేత్తానన్నాడా? అయితే ఆడు కంట్రాక్టరు మనిసే!"

దాంతో మొదటి వకీలును కనిపెట్టి ఉండటానికి రెండో వకీలు, దాస్ బాబు వచ్చాడు. ఆయనా పైసా అడగలేదు. పావు వంతు రాయించుకున్నాడు. డ్యూటీ మానుకుని తోడు తిరిగినందుకు వరహాలు ఇంకో పావు రాయించుకున్నాడు. టైపుకీ, స్టాంపులకీ, తాగిన టీలకీ ఓఝా గుమస్తా మిగతా పావు రాసుకున్నాడు.

విచారణ రోజున ఆఫీసు వరండాలో ఆ గుమస్తాయే కాగితాలన్నీ గర్వంగా చదివి వినిపించాడు.

"నాలుగు పావులంటే ఎంతయ్యా?" అంది జోగమ్మ.

"రూపాయే."

"మరి మనకేటి మిగిల్తాది?"

తవిటయ్య ఎడమచెయ్యి చూసుకున్నాడు. "మూడు వేళ్లు."

లోపల ఇంకో ఘనకార్యం బయటపడింది. ఓఝా అర్జీలో ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. పావు వంతు కాస్త లావుగా ఉండాలని దాస్ తన అర్జీలో కుడిచేతి వేళ్లు మూడు తీసేశాడు. కంట్రాక్టరు వకీలు సంతోషంగా లేచి, "హుజూర్, వీడికి మొత్తం ఎన్ని వేళ్లు?" అన్నాడు. తవిటయ్య రెండు చేతులూ ఎత్తాడు. ఆఫీసరు ఎనిమిది లెక్కపెట్టి, దొంగ కేసని కొట్టేయడానికి కలం తీశాడు.

జోగమ్మ గుమ్మంలోంచి దూసుకొచ్చింది.

"హుజూర్! ఉంగ్లీ ఇస్కా గయా, ఝూట్ ఇన్‌కా హై!" అంటూ, పోయిన వేళ్లు మొగుడివనీ అబద్ధాలు వకీళ్లవనీ తేల్చేసి, గుమస్తా దగ్గర లాక్కొచ్చిన పావుల కాగితాలన్నీ బల్ల మీద పడేసింది.

ఆఫీసరు అవి చదివి కళ్లజోడు తీశాడు. పోయినవి ఎడమచేతి వేళ్లు రెండేనని రాసుకున్నాడు. పరిహారం ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదన్నాడు. ఈ ఒప్పందాలు చెల్లవన్నాడు. సొమ్ము కంట్రాక్టరు ఇక్కడే కట్టాలి, తవిటయ్య చేతికే అందాలి. వకీలు ఫీజు ఎంతో చెప్పేది తానేనని, కంట్రాక్టరే ఇచ్చుకోవాలని, యాభై రూపాయలు రాశాడు.

"మరి నా పావో?" అన్నాడు వరహాలు.

"అరటిపండొకటుంది, తింతావా అన్నియ్యా?" అంది జోగమ్మ.

ఆ యాభై ఏ వకీలుకో ఆఫీసరు రాయలేదు. అందుకని ఓఝా, దాస్ ఒకరి మీద ఒకరు దావా వేసుకుని, చెరో పెద్ద వకీలును పెట్టుకున్నారు, ఫీజు ముందుగానే చెల్లించి.