మైకులో పిలిచే మానసిక వైద్యం

మా తమ్ముడు యోబును సమాధి చేసిన రోజే, మా పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి అవార్డు వచ్చిందని పేపర్లో వేశారు. రావలసిందే! ఆ విభాగంలో నాకు అన్నిటికంటే నచ్చింది మైకు. నేను పెంటపాడులో టీచర్ని. చివరి బెంచీకి వినపడేలా మాట్లాడేవారంటే నాకు గౌరవం.

పాత పద్ధతి ఎంత ఘోరమో చెప్పనా? మనసు డాక్టరుగారికి వేరే గది లేదు. చర్మవ్యాధుల గదిలోనే ఓ మూల బల్ల వేసుకుని కూర్చునేవారు. బయట ఒకటే క్యూ. ఎవరిది దురదో, ఎవరిది దిగులో పక్కవాడికి తెలిసేది కాదు. ప్రజాస్వామ్యంలో ఇంత గోప్యమా!

యోబు ఆకివీడు దగ్గర చేపల చెరువుల మీద పనిచేసేవాడు. ఆ నీళ్లలో దిగేవాళ్లందరికీ కాళ్లు దురదే. కాబట్టి నెలనెలా ఆసుపత్రికెందుకని ఎవరూ అడగలేదు. మనసు డాక్టరుగారిచ్చిన మందులు వేసుకున్నాడు. నిద్రపోయాడు. చర్చిలో పాటలు కూడా పాడాడు. చూశారా, ఎంత మోసం!

అప్పుడు సంస్కరణ వచ్చింది. వేరే గది, బస్సులోంచి కూడా కనిపించే బోర్డు, గుమ్మం పక్కన సెల్ఫీ పాయింట్! రిబ్బన్ కత్తిరించిన పెద్దలంతా అక్కడ ఫొటో దిగారు. రోగులే ఎందుకో మొహమాటపడ్డారు.

ఆ తర్వాత మైకు. "మెంటల్ హెల్త్ విభాగానికి, ఆకివీడు యోబుగారు, త్వరగా రావాలి!"

క్యాంటీన్‌దాకా వినపడింది. చర్మం క్యూలో నిలబడ్డ చేపల లారీ వెంకట్రాజుకూ వినపడింది.

"ఏరా యోబూ, దురద తలకెక్కిందేంట్రా?"

క్యూ అంతా నవ్వింది. నవ్వు మనసుకు మంచిదని అక్కడ గోడ మీదే రాసి ఉంది కదా! యోబు కూడా నవ్వాడు. "టీ తాగొస్తానక్కా" అని తోడొచ్చిన నాతో చెప్పి బస్సెక్కేశాడు. మళ్లీ ఆ గేటు లోపలికి రాలేదు. మందులు ఆగాయి. నిద్ర ఆగింది. వానలు మొదలవకముందే మనిషి పోయాడు.

జబ్బంటే సిగ్గు పోగొట్టడానికే మైకు పెట్టామని అధికారులు అన్నారు. ఫలితం వచ్చింది. మా తమ్ముడికి ఇప్పుడు సిగ్గు లేదు.

ఒక్కటే నా సందేహం. సిగ్గుపడాల్సింది నవ్వినవాళ్లయితే, మైకులో యోబు పేరెందుకు పిలిచారు?

యోబుతో పనిచేసిన హెన్రీ కూడా ఈ మధ్య నిద్రపోవడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఆసుపత్రికి వెళ్లమని బతిమాలాను.

"వెళ్తానండి టీచరుగారూ. ఆ మైకు చెడిపోయిన రోజు కబురెట్టండి."

మైకు తీసేయమని ఆసుపత్రి పెద్దగారిని అడిగాను. "భలేవారే మేడమ్! అవార్డొచ్చింది దానికేనండీ!" అన్నారు.

మైకు తీయలేదు. హెన్రీ ఇంకా వెళ్లలేదు.