ఫర్వాలేదన్న పెద్దాయన

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఇకమీదట ఏ ముసలి ప్రాణమూ నోరులేని జీవిలా ఆసుపత్రి మంచం మీద పడి ఉండదని సెనేటర్ రోవాల్డ్ ట్వేట్ గారు ప్రకటించారు. ప్రకటించింది ఊళ్లోని ఆసుపత్రి ముందు హాల్లో. వెనకాల బ్యానరు, బ్యానరు నిండా ఆయన ఫొటో. ముసలివాళ్ల ఫొటో కూడా వేద్దామనుకున్నారట గానీ, పాపం చోటు చాలలేదు.

ఆ నోరులేని వాళ్లకి నోరుగా నియమితురాలైన డాక్టర్ కారిన్ సుండెట్ పక్కనే నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమె జీవితమంతా వైద్యం చేసింది. చివరికి రోగి మొహం చూసేదానికన్నా కంప్యూటరు మొహం చూసేదే ఎక్కువైపోయిందని విసుగెత్తి మానేసింది. ఇక మందులు రాయను, మంచాన పడ్డ తల్లిదండ్రుల పక్కన, వాళ్ల పిల్లల పక్కన నిలబడి ఆసుపత్రితో మాట్లాడతాను అని బయల్దేరింది. ఇలాంటి మనిషి దొరికితే ఏ ప్రభుత్వం వదులుకుంటుంది? ఆసుపత్రిలోనే గది ఇచ్చారు, గది మీద బోర్డు ఇచ్చారు. వార్డులోకి వెళ్లి మాట్లాడే అధికారం మాత్రం రెండో విడతలో ఇస్తామన్నారు.

మొదటి రోజే జొలీన్ లోకెన్ వచ్చింది. వాళ్ల నాన్న ఆర్విడ్ పాడి రైతు. గుండె నీరసించి, కాళ్లకి నీరు పట్టి వార్డులో ఉన్నాడు. సాయంత్రానికి ఇంటికి పంపేస్తున్నారట. ఇంట్లో ఆయనొక్కడే ఉంటాడు.

"ఇప్పుడు పంపేస్తే మళ్లీ తీసుకురావడానికి మనిషి మిగలడండీ," అంది జొలీన్.

"ఎలా ఉందని డాక్టర్లు అడగడం లేదా?"

"పొద్దునా సాయంత్రం అడుగుతున్నారు. ఫర్వాలేదంటాడు. వాళ్లు అదే రాసుకుంటున్నారు."

కారిన్‌కి సంగతి అర్థమైపోయింది. ఆ చుట్టుపక్కల జనానికి బాధ పైకి చెప్పుకోవడమంత సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. పశువుల కొట్టం కూలి మీద పడినా కొంచెం ఇబ్బందిగా ఉందంటారు. ఇంటాయన ఫర్వాలేదన్నాడంటే అంబులెన్సు పిలవాలని అక్కడి భార్యలందరికీ తెలుసు. ఆర్విడ్ భార్య పోయి చాలా కాలమైంది.

రెండో విడత కోసం ఆగితే పెద్దాయన ఆగడని కారిన్ జొలీన్‌ని వెంటబెట్టుకుని తిన్నగా వార్డుకి నడిచింది. అప్పటికే సెనేటర్ గారు అక్కడున్నారు, కెమెరాలతో సహా. పథకానికి తొలి లబ్ధిదారుడు కావాలి కదా. ఆర్విడ్ చెయ్యి పట్టుకుని, "ఎలా ఉంది పెద్దాయనా?" అని ఆప్యాయంగా అడిగారు.

"ఫర్వాలేదు," అన్నాడు ఆర్విడ్.

"విన్నారుగా, రోగి నోరు విప్పాడు," అన్నారు సెనేటర్ గారు కెమెరాల వైపు తిరిగి. ఈ విజయానికి గుర్తుగా సాయంత్రం డిశ్చార్జిని అప్పటికప్పుడే చేసేస్తామని ఆసుపత్రి వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు.

కారిన్ మంచం దగ్గరికి వెళ్లింది. "ఎలా ఉందని నేనడగను, ఆర్విడ్ గారూ. మీ మేజోళ్లు మీరే తొడుక్కోండి, చూస్తాను."

ఆర్విడ్ మేజోళ్లని చూశాడు. సగం వంగాడు, ఊపిరి అందక ఆగిపోయాడు. "ఇవాళ మేజోళ్లు అక్కర్లేదులే," అన్నాడు. కిటికీ బయట మోకాలి లోతు మంచు.

ఇంత చక్కటి అవకాశాన్ని ఏ ప్రజాసేవకుడూ జారవిడవడు. "నేనున్నానుగా," అంటూ సెనేటర్ గారు నేల మీద కూర్చుని ఒక కాలికి తొడిగారు. రెండో కాలి దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం బూడిద రంగుకి తిరిగింది, చెమటలు కారుతున్నాయి. ఏమైందని సహాయకుడు అడిగాడు.

"ఏం లేదు. ఫర్వాలేదు."

సహాయకుడు కుదుటపడ్డాడు. ఫొటోగ్రాఫరు ఇంకొక్క క్షణం అలాగే ఉండమన్నాడు.

"ఆయనకి బాగా లేదు," అని మంచం మీంచి గొంతు వినిపించింది. అందరూ ఆర్విడ్ వైపు తిరిగారు. "అలా అన్నవాడికి బాగున్నట్టు కాదు. నాకు తెలుసు." కాసేపు దుప్పటి సర్దుకున్నాడు. తర్వాత కూతురి వైపు చూడకుండా, "నాకూ బాగా లేదమ్మా. పడుకుంటే ఊపిరాడటం లేదు. ఇంటికెళ్లాలంటే భయంగా ఉంది," అన్నాడు.

జొలీన్ ఏడ్చేసింది. పరిగెత్తుకొచ్చిన డాక్టరుతో కారిన్ ఇద్దరి సంగతీ గట్టిగా చెప్పింది, ఆమెకి అధికారం లేదన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. ఆర్విడ్ డిశ్చార్జి రద్దయింది. సెనేటర్ గారికి గుండెపోటని తేలి పక్క మంచం దొరికింది. ఆ పూట కారిన్‌కి చాలా కాలం తర్వాత డాక్టరునన్న సంతోషం కలిగింది.

కొద్దిరోజులకే సెనేటర్ గారు మంచం మీంచే ప్రకటన విడుదల చేశారు. రోగుల తరఫున రోగులే మాట్లాడుతున్నారు గనుక పథకం లక్ష్యం నెరవేరిందనీ, ఇక ప్రత్యేకంగా ఒక మనిషి అవసరం లేదనీ అందులో ఉంది. గడువుకి ముందే పూర్తయిన పథకం ఇదొక్కటేనని పత్రికలు మెచ్చుకున్నాయి.

కారిన్ గది మీది బోర్డు ఊడదీయడానికి ఒకతను నిచ్చెన వేశాడు. అతను మేకులు పీకుతుండగా నిచ్చెన కింది నుంచి ఒకావిడ వంగి లోపలికొచ్చింది. సెనేటర్ గారి భార్య.

"డాక్టరు గారూ, మా ఆయన్ని ఇవాళ ఇంటికి పంపేస్తున్నారు," అంది. "ఎలా ఉందంటే ఫర్వాలేదంటున్నాడు."

కారిన్ కోటు తొడుక్కుంది. వార్డుకి వెళ్లాలి, నిచ్చెన కాస్త పక్కకి జరపమని అతన్ని అడిగింది.