ఆ యంత్రాన్ని ఆపండి మేడమ్!

"రేపు" మాస్టారుకి ప్రపంచం అంతమైపోతుందన్న భయం లేదు. అత్తగారు వస్తుందన్న భయం మాత్రం నిండా ఉంది. రెండింటికీ ఒకే బుధవారం ముహూర్తం కుదిరేసరికి, మొదటి భయాన్ని వాడుకుని రెండోదాన్ని తప్పించుకుందామనుకున్నాడు. అక్కడే కొంప మునిగింది.

ఆయన దర్జీ. బట్టలు ఎప్పుడిస్తారని ఎవరడిగినా "రేపు" అంటాడు గనక ఊరంతా కలిసి ఆ పేరు ఖాయం చేసింది. ఆయన భార్య ఊరి చివర పరిశోధనశాలలో టెలిఫోన్ దగ్గర కూర్చుంటుంది. అక్కడ భూమి లోపల గుండ్రటి సొరంగం తవ్వి, కంటికి కనిపించని కణాలను ఎదురెదురుగా పరిగెత్తించి ఢీకొట్టించే యంత్రం పెట్టారు. దాన్ని మొదటిసారి నడిపేది ఆ బుధవారం ఉదయం పదకొండింటికి. అది నడిస్తే బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగేస్తుందని హడలిపోయేవాళ్ళు ఫోన్ చేస్తే, ఏమీ కాదని ఓపిగ్గా నచ్చజెప్పడం ఆవిడ పని. ఇంట్లో అదే పని పద్దెనిమిదేళ్ళుగా జీతం లేకుండా చేస్తోంది.

"బుధవారం అమ్మ వస్తోంది," అంది ఆవిడ వారం ముందు.

"నువ్వుంటావుగా?"

"ఎలా ఉంటాను? ఆ రోజు అందరికీ సెలవులు రద్దు. సాయంత్రం దాకా అమ్మని మీరే చూసుకోవాలి."

"సాయంత్రం దాకానా! నేనొక్కణ్ణేనా!"

"మా అమ్మేమన్నా పులా?"

"పులైతే పరిగెత్తొచ్చు. మీ అమ్మ ముందు పరిగెత్తితే వేగమెంత, దూరమెంత అని లెక్క అడుగుతుంది."

ఆ మాటలో అబద్ధం లేదు. అత్తగారు రిటైరైన సైన్సు టీచర్. ఎనిమిదో తరగతిలో మాస్టారు ఆవిడ శిష్యుడే. తర్వాత ఆవిడ ఆయనకి కూతుర్నిచ్చింది గానీ పాసు మార్కులివ్వలేదు. వచ్చినప్పుడల్లా పరీక్ష ఆగిన చోటునుంచే మొదలవుతుంది. ఆయన టీ కలుపుతుంటే, "పంచదార వేశావు కదా, అదెక్కడికి పోయింది అల్లుడూ?" అంటుంది. ఆయన నిజంగానే గ్లాసు కింద వెతికిన రోజులున్నాయి.

జనం గోల చేస్తే ప్రయోగం వాయిదా పడుతుంది. వాయిదా పడితే పెళ్ళానికి సెలవు దొరుకుతుంది. సెలవు దొరికితే పరీక్షకి పక్కన తోడుంటుంది. లెక్క బాగానే కుదిరింది. కావాల్సిందల్లా జనం. ఆ వేషం తనే వేద్దామనుకున్నాడు.

సొంత ఫోన్ అయితే పెళ్ళాం నంబరు పట్టేస్తుందని, మర్నాడు పక్కనున్న ఇస్త్రీ బాబాయి కొట్టుకెళ్ళి పరిశోధనశాలకి చేద్దామని ఫోన్ అందుకున్నాడు. గొంతు మార్చడానికి నాలుగు గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఇక తనని గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదనుకున్నాడు పాపం. కుట్టుమిషను ముందు కూర్చున్నంతసేపూ ఆయన నోట్లో ఉండేవి గుండుసూదులే. పెళ్ళయిన నాటినుంచీ పెళ్ళాం ఎక్కువగా విన్నది ఆ గొంతే. ఆ సంగతి ఆయన బుర్రకి తట్టలేదు.

"హలో మేడమ్, నేనొక సామాన్య పౌరుణ్ణి."

అవతల చిన్న దగ్గు వినిపించింది. తర్వాత ఎంతో మర్యాదగా, "చెప్పండి సార్," అంది ఆవిడ.

"ఆ యంత్రాన్ని ఆపండి మేడమ్! బ్లాక్ హోల్ పుడితే మా సంసారాల గతేంటి?"

"అలాంటిదేమీ జరగదు సార్. ఒకవేళ పుట్టినా అది రెప్ప వేసేలోపు మాయమైపోతుందని మావాళ్ళు లెక్క కట్టారు. మీకు పెళ్ళయిందా?"

"అయింది."

"మీ ఆవిడ అదృష్టవంతురాలు. సంసారం గురించి ఎంత ఆలోచిస్తున్నారు! మా ఇంట్లోనూ ఉన్నాడొకాయన. వెనక గదిలో గుడ్డముక్కలు నడుమెత్తు పేరుకుపోయాయి. సర్దమంటే రేపంటాడు."

మాస్టారుకి ఒళ్ళు మండింది. కానీ సామాన్య పౌరుడికి ఆ విషయంలో మండే హక్కు లేదు. "ఆయనకి పనెక్కువేమో మేడమ్," అన్నాడు.

"పనా! మధ్యాహ్నమైతే కత్తిరింపు బల్ల మీదే నిద్ర. పైగా గురక."

"నేను గురక పెట్టను!"

"మిమ్మల్ని ఎవరన్నారు సార్?"

"అదే మేడమ్... నేనైతే పెట్టను అంటున్నాను," అని ఫోన్ పెట్టేశాడు. కంగారులో ఒక సూది నాలుకకి గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో మొహం గంటు పెట్టుకున్నాడు. "ముక్కూమొహం తెలియని మగాళ్ళకి ఇంటి సంగతులన్నీ చెప్తావట?"

"ఎవరు చెప్పారు?"

మాస్టారు గబగబా మంచినీళ్ళు తాగేశాడు.

"అయినా ఒకాయన ఫోన్ చేశాడు లెండి," అంది ఆవిడ గిన్నెలు తుడుస్తూ. "ఎంత నెమ్మదస్తుడో! మాట్లాడుతుంటే ఇంకా వినాలనిపించింది."

ఆయనకి ఆ పౌరుడి మీద అసూయ పుట్టింది. వాడు తనేనన్న సంగతి గుర్తొచ్చాక కూడా తగ్గలేదు.

ఈలోగా ఇస్త్రీ బాబాయి ఊరుకుంటాడా? విన్నదానికి రెండింతలు కలిపి, ఇస్త్రీ బట్టలతోపాటు ఇంటింటికీ అందజేశాడు. మర్నాటికల్లా మాస్టారు కొట్టు ముందు జనం.

"మాస్టారూ, నా ప్యాంటు మంగళవారం లోపల కావాలి," అన్నాడు బ్యాంకు గుమాస్తా. అది రెండేళ్ళ కిందటి ప్యాంటు.

"రేపు చూద్దాం."

"బుధవారం తర్వాత రేపెక్కడుంది మాస్టారూ? పోయేటప్పుడైనా కొత్తబట్టల్లో పోనివ్వండి!"

"ఏమీ కాదయ్యా! అదంతా వట్టిదే!" అని నెత్తీనోరూ కొట్టుకున్నాడు ఆయన.

"మరి ఫోన్లో ఆవిణ్ణి అంతలా బతిమాలారేం?" అన్నాడు ఇస్త్రీ బాబాయి. దాంతో జనం ఇంకా ముందుకు తోసుకొచ్చారు.

పాపం, జన్మలో కుట్టనంత కుట్టాడు. మధ్యలో పరిగెత్తి రోజుకి మూడుసార్లు ఫోన్ చేశాడు. వాయిదా మాటెత్తినప్పుడల్లా ఆవిడ ఓదార్చేది. "భయం పోవాలంటే చేతులకి పని చెప్పాలి సార్. మీ ఇంట్లో సర్దని గదేమైనా ఉంటే సర్దేయండి. మా ఆయనైతే చేయడు. మీరు అలాంటివారు కాదని గొంతులోనే తెలుస్తోంది." పెళ్ళాం నోటినుంచి మెప్పు విని ఎన్నేళ్ళయిందో! మాస్టారు రెండు పూటల్లో వెనక గది ఖాళీ చేసి, గోడలు దులిపి, నేల కడిగాడు.

ప్రయోగం మాత్రం వాయిదా పడలేదు. పైగా వారమంతా పదిమంది నోటా తన మాటలే విని విని, మంగళవారానికి ఆయనకే నిజమైన భయం పట్టుకుంది.

బుధవారం ఉదయం అత్తగారు దిగింది. పెట్టె కాస్త పెద్దదిగానే ఉంది గానీ, గమనించే స్థితిలో ఆయన లేడు. పది ముప్పావుకి గడియారానికీ గుమ్మానికీ మధ్య తిరగడం మొదలుపెట్టాడు.

"ఏమిటల్లుడూ ఆ తిరుగుడు?"

"అత్తయ్యా, నిజం చెప్పండి. ఏమీ కాదంటారా?"

ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. "ఆకాశంలోంచి ఇంతకంటే జోరుగా వచ్చే కణాలు కోట్ల ఏళ్ళుగా భూమినీ చంద్రుణ్ణీ గుద్దుతూనే ఉన్నాయి. చంద్రుడు ఉన్నాడా, పోయాడా?"

"ఉన్నాడండీ."

"ఇన్నేళ్ళకి ఒక్క సరైన జవాబు చెప్పావు," అంది ఆవిడ. ఆ మెప్పు కూడా ఆయన భయం తగ్గించలేదు. పదకొండుకి రెండు నిమిషాలున్నాయనగా సొంత ఫోనే తీశాడు. సూదుల ధ్యాస కూడా లేదు.

"నేనే."

"ఏంటండీ?"

"ఏం లేదు. నీ గొంతు వినాలనిపించింది. నువ్వు సరిగ్గా ఆ మిషను మీదే కూర్చున్నావు కదా... నాకు భయంగా ఉందే."

ఆవిడ రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకుంది. "ఏమీ కాదండీ. అలాగే ఫోన్ పట్టుకుని ఉండండి. నేనూ పట్టుకునే ఉంటాను."

ఇద్దరూ అలాగే ఉన్నారు. పదకొండయింది. అవతలినుంచి చప్పట్లు వినిపించాయి. కిటికీ బయట వీధి ఉన్నచోటే ఉంది.

సాయంత్రం ఆవిడ నవ్వుకుంటూ వచ్చింది. "ఈ వారం ఊళ్ళోంచి నాలుగొందల ఫోన్లండీ! జనానికి అర్థమయ్యేలా చెప్పడానికి సైన్సు టీచర్ కావాలని మొన్న మా పెద్దాయన అడిగితే, అమ్మ పేరిచ్చాను. ఏడాది పని. వెనక గది ఎలాగూ శుభ్రంగా ఉంది."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. "పాఠాలెక్కడ చెప్తుంది?"

"జనం పోగయ్యే చోట చెప్పాలన్నారు. ఇప్పుడు ఊళ్ళో మీ కొట్టుని మించిన చోటేది?"

ఆయనకి అప్పుడు వెలిగింది. "ఆ ఫోన్లు నావని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? పెళ్ళయ్యాక మీరు నాతో రోజుకి మూడుసార్లు కూర్చుని మాట్లాడింది ఈ వారమే. ఆపబుద్ధి కాలేదు."

మాస్టారుకి సిగ్గేసింది. ఏదో అనబోయేంతలో వెనక గదిలోంచి అత్తగారి గొంతు ఖంగుమంది. "అల్లుడూ! ఈరోజు గుద్దుకున్న ప్రోటాన్లున్నాయే, వాటి మీద ఉండే విద్యుత్తు ధనమా, రుణమా?"

ఆయన దిక్కులు చూసి, ఆఖరికి పెళ్ళాం వైపు చేతులు జోడించాడు.

"దాని గురించి మా ఆఫీసుకి ఫోన్ చేయండి సార్, పదింటికి తెరుస్తాం," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.