కారు పైన కటౌటు, కారు లోపల కుటుంబం

ఈ ఏడాది రోడ్డు భద్రతా వారోత్సవాల ముగింపు సభలో "ఆదర్శ భద్రతా కుటుంబం" షీల్డు కోయిలకుంట్ల వాస్తవ్యులు, రైతు, కాంట్రాక్టరు, మా కుటుంబ వాహన యజమానుల సంఘం అధ్యక్షులు శ్రీ ఓబుళేశు గారి కుటుంబానికి దక్కిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాము. ఎంపిక పూర్తి నిష్పక్షపాతంగా జరిగింది. దరఖాస్తు ఒక్కటే వచ్చింది. దాన్ని రాసింది నేనే, పరిశీలించి ఆమోదించింది కూడా నేనే. నా పేరు రామకృష్ణ, సంఘానికి కార్యదర్శిని. గిట్టనివాళ్లు ఊరంతా నానా కూతలు కూస్తున్నారు గనుక జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను. ఆ రోజు నేను ఆ కార్లోనే ఉన్నాను. నుదుటి మీద బొప్పి ఇంకా తగ్గలేదు, నమ్మనివాళ్లు వచ్చి తడిమి చూసుకోవచ్చు.

ముందు కారు సంగతి చెప్పాలి. తెల్లటి కారు, ఏడుగురు కూర్చోవచ్చు. నెత్తిన సామాను పెట్టుకునే కడ్డీల చట్రం తళతళా మెరుస్తుంటుంది. లోపల గోడ క్యాలెండరంత తెర. నాలుగు దిక్కులా కెమెరాలు. దగ్గరికి ఏది వచ్చినా కీచుమనే సెన్సర్లు. ఇవి చాలవన్నట్టు ఇంగ్లీషులో మాట్లాడే ఒక ఆడమనిషి గొంతు. ఆ గొంతు మొదటిసారి వినబడినప్పుడు ఓబుళేశు గారి తల్లి నాగలక్ష్మమ్మ గారు ఉలిక్కిపడి, "పాపం, ఎవురో ఆడబిడ్డ లోపల ఇరుక్కున్నట్టుండాది, దానికింత సంగటైనా పెట్టండప్పా" అన్నారు. ఇటువంటి కరుణ ఉన్న ఇంట్లో భద్రతకు ఏం లోటు?

కారు ఇల్లు చేరిన రోజున పూజ కూడా ఆమే చేశారు. కన్నున్న ప్రతిదానికీ బొట్టు పెట్టాలని ఆమె నియమం. వెనక కెమెరా అచ్చంగా కన్నే కదా, దానికి దండిగా పసుపు పూసి కుంకుమ అద్దారు. సెన్సర్లు కూడా గుండ్రంగానే ఉన్నాయి, వాటికీ తలా ఒక బొట్టు. ఆనాటి నుంచి రివర్సు గేరు వేస్తే తెర మొత్తం ఎర్రగా కనిపిస్తుంది, వెనకాల ఏదో అడ్డముందని కారు ఒకటే మొత్తుకుంటుంది. బొట్టు తుడిస్తే అరిష్టమట. అందువల్ల ఓబుళేశు గారి కొడుకు భూపేష్ ప్రతిసారీ దిగి, వెనక్కి పోయి, కళ్లారా చూసుకుని వచ్చి మరీ బండి తిప్పుతాడు. కెమెరా పనిచేసి ఉంటే ఇంత జాగ్రత్త పడేవాడా?

డ్యాష్‌బోర్డు మీద ఎడమపక్క చదునైన చోటు చూసి, కడప నల్లరాయితో నున్నగా చేయించిన చిన్న మండపం, అందులో నరసింహస్వామిని అతికించారు. ఆ చోట ఏవో ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి, మండపం కింద అణిగిపోయాయి. కోడలు శిల్ప అప్పుడే చెప్పింది. దాని కింద గాలిబుడగ ఉంటుందని, బండి గుద్దుకుంటే అది పేలినట్టు బయటికొస్తుందని, రాయి ఎదురుగా కూర్చున్నవాళ్ల మీదికి వస్తుందని. ఓబుళేశు గారు నవ్వి, "సాక్షాత్తు స్వామి కూచోనుంటే బుడగ ఎందుకు బయటికొస్తాదమ్మా?" అన్నారు. ఈ ప్రశ్నకు కంపెనీవాళ్లిచ్చిన పుస్తకంలో జవాబు లేదు.

పుస్తకమంటే గుర్తొచ్చింది. కారుతో పాటు వచ్చిన ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరైనా చింపకుండా దేవుని గూట్లో పెట్టి, దసరాకు పువ్వులు కూడా పెట్టారు. మా సంఘ సభ్యుల్లో పుస్తకానికి ఇంత గౌరవం ఇచ్చినవారు మరొకరు లేరు. శిల్పలో అన్నీ మంచి గుణాలే గానీ, ఏది కనిపిస్తే అది చదివే అలవాటు ఒకటి ఉంది. ఒకనాడు ఆ కవరు విప్పి చదివేసింది. చదివినామె ఊరకుండకుండా ఇంటిల్లిపాదికీ వినిపించింది. నెత్తి మీద ఇంతకు మించి బరువు పెట్టరాదట, ఎత్తుగా నిలబెట్టరాదట, ఎత్తు కొలుచుకోకుండా వంతెనల కింద దూరరాదట, చిన్నపిల్లలను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోరాదట, వెనక కూర్చోబెట్టి బెల్టు పెట్టాలట. అందరూ హరికథ విన్నంత శ్రద్ధగా విని, అయిపోయాక లేచి ఎవరి పనిమీద వాళ్లు వెళ్లారు.

ఇక బెల్టు. బెల్టు పెట్టుకోకపోతే ఈ కారు చెవులు తూట్లు పడేలా మోగుతుంది. అందుకు విరుగుడుగా ఓబుళేశు గారు క్లిప్పులు తెప్పించారు. చూడ్డానికి బెల్టు కొసలాగే ఉంటుంది, బెల్టు మాత్రం ఉండదు. సీటు పక్క సందులో గుచ్చితే కారు నోరు మూసుకుంటుంది. ప్రతి సీటుకూ ఒకటి గుచ్చి, మిగిలినవి సంఘ సభ్యులకు ఉగాది కానుకగా పంచారు. నాకు దేవుడి బొమ్మ ఉన్నది వచ్చింది, ఈ కార్లో నేను కూర్చునే సీటుకూ అలాంటిదే ఉంది.

సభ కడపలో. సంఘ అధ్యక్షులు ఉత్తచేతులతో పోతే ఏం బాగుంటుంది? తన నిలువెత్తు కటౌటు ఒకటి చేయించారు. నిలువెత్తు అంటే మాటవరసకు, మనిషి కంటే రెట్టింపు ఉంది. తెల్ల చొక్కా, చేతులు జోడించి నవ్వు మొహం. భద్రత గురించిన సభ గనుక ఛాతీకి అడ్డంగా నల్లటి సీటు బెల్టు కూడా గీయించారు. దాన్ని వీధిలో పెట్టగానే జనం గుమిగూడి, నల్ల కండువా ఏ పార్టీదని చర్చ మొదలుపెట్టారు. ఓబుళేశు గారు పార్టీ మారారని సాయంత్రానికి పక్క మండలం దాకా పాకింది.

కటౌటును చట్రం మీద పడుకోబెడదామని భూపేష్ అన్నాడు. పడుకోబెడితే శవాన్ని తీసుకుపోతున్నట్టుంటుందని, నిలబెడితేనే దారి పొడుగునా ప్రజలకు సందేశం అందుతుందని ఓబుళేశు గారు తీర్మానించారు. నిలబెట్టి, ఎనుములను కట్టే తాళ్లతో కడ్డీలకు బిగించాం. ఆ కట్టు మీద ఎవరికీ నమ్మకం కుదరలేదు. అందుకని మనవైపు ఎప్పుడూ చేసే ఏర్పాటే చేశాం. నాలుగు తాళ్ల కొసలు నాలుగు కిటికీల్లోంచి లోపలికి తీసుకుని తలా ఒకటి చేత్తో పట్టుకోవడం. ముందు ఎడమవైపు తాడు ఓబుళేశు గారిది. వెనక ఎడమవైపుది నాది. కుడివైపుది శిల్పది. ముందు కుడివైపుది భూపేష్‌ది. అతను ఒక చేత్తో తాడు, ఒక చేత్తో స్టీరింగు పట్టుకున్నాడు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడు ఏం చేశాడో నేను చూడలేదు, కళ్లు మూసుకున్నాను.

బయలుదేరే ముందు చిన్న పేచీ వచ్చింది. ఆరేళ్ల మనవరాలు శివానిని ఓబుళేశు గారు ముందు సీట్లో తన ఒళ్లో కూర్చోబెట్టుకుంటానన్నారు. ఆ పిల్లంటే ఆయనకు ప్రాణం. పాప తినందే ముద్ద ముట్టరు, పాపకు జ్వరమొస్తే ఈయన మంచం పడతారు. శిల్ప ఒప్పుకోలేదు.

"నా ఒళ్లో కంటే యాడ భద్రంగా ఉంటాదమ్మా అది?" అన్నారాయన.

"వెనక్కాల, బెల్టులో, మామా" అంది శిల్ప. అని, నడిమి సీటులో గుచ్చిన క్లిప్పు ఊడబెరికి తన సంచిలో వేసుకుని, పిల్లకు బెల్టు బిగించి, తన సీటుదీ పీకి తనూ పెట్టుకుంది. అలిగి పుట్టింటికి పోయినప్పుడు కూడా ఆమె ఇంత మొండిగా ఎదురు మాట్లాడలేదని ఓబుళేశు గారు నాతో వాపోయారు. సభకు ఆలస్యమవుతోంది గనుక పంతం అక్కడితో ఆపారు.

ప్రయాణం వైభవంగా సాగింది. జమ్మలమడుగు దాకా చేలల్లో పనిచేసేవాళ్లు నడుములు ఎత్తి మరీ చూశారు. ఇద్దరు ముగ్గురు దండం పెట్టారు, ఎవరో పెద్దాయన పోయినట్టుందనుకున్నారేమో. గాలి తిరిగినప్పుడల్లా కటౌటు ఊగేది, కారు దానితో పాటే ఊగేది, మేం నలుగురం తాళ్లు లాగి దాన్ని సరిచేసేవాళ్లం. శివాని పైకి కిందికి చూసి అడిగింది.

"జేజినాయనా, పైన ఉండే జేజినాయనకు బెల్టు ఉండాది, నీకెందుకు ల్యా?"

"ఆయప్ప బయట నిలబన్నాడు గదమ్మా, గాలికి పడతాడని" అన్నారు ఓబుళేశు గారు.

పిల్ల తృప్తిపడింది. నేనూ తృప్తిపడ్డాను.

ఎర్రగుంట్ల దాటాక ఒకచోట రైలు కట్ట కింద నుంచి దారి. దానికి ముందు పసుపు, నలుపు చారల ఇనుప దూలం అడ్డంగా ఉంది. ఇంతకంటే ఎత్తు బండ్లు రావద్దని రాసి ఉంది. శిల్ప వెనక నుంచి గట్టిగా చెప్పింది, మామా ఎత్తు చూడండి అని. అది లారీలవాళ్లకమ్మా, మనది కారు గదా అన్నారు ఓబుళేశు గారు. మాట న్యాయంగానే ఉంది. కారుకు దూలం అడ్డం రాలేదు. ఓబుళేశు గారికే వచ్చింది.

ఢామ్మంది. భూపేష్ రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. నా తల ముందు సీటుకు తగిలింది. ఓబుళేశు గారి పెదవి చిట్లింది. భూపేష్ స్టీరింగు మీద పడి హారను మోగించాడు. డ్యాష్‌బోర్డు మీది మండపం పెటుక్కున ఊడి, ముందు అద్దానికి కొట్టుకుని, స్వామితో సహా వెనక్కి వచ్చి ఓబుళేశు గారి ఒళ్లో పడింది. సరిగ్గా శివాని కూర్చోవలసిన చోట ఆ నల్లరాయి కూర్చుంది.

వెనక తల్లీబిడ్డలకు గీత కూడా పడలేదు. శిల్ప ఆ రాతిని చూసి, పిల్ల తలను రెండు చేతులా పొదువుకుంది. ఓబుళేశు గారు తొడ రుద్దుకున్నారు. తర్వాత రాతిని కళ్లకద్దుకుని, "సూడప్పా సెక్రటరీ, స్వామే నా ఒళ్లోకి వచ్చినాడు" అన్నారు. దిగి చూస్తే కటౌటు మెడ దగ్గర తెగి తల రోడ్డు మీద పడి ఉంది. మిగతా మనిషి తల పోయినా నమస్కారం మాత్రం మానలేదు.

సభలో ఆ తల లేని కటౌటునే వేదిక పక్కన నిలబెట్టాం. ఓబుళేశు గారు ఉబ్బిన పెదవితో చేసిన ప్రసంగాన్ని నేను ఇక్కడ యథాతథంగా ఇస్తున్నాను. "సోదరులారా, ముప్పై ఏండ్ల నుంచి నేను బెల్టు పెట్టుకోకుండా తిరుగుతాండా. చీమ కుట్టినంత కూడా కాలేదు. ఈ పొద్దు మా ఇంట్లో మొట్టమొదటిసారి ఇద్దరు బెల్టు పెట్టుకున్నారు. ఈ పొద్దే ఇట్ల జరిగింది. దీన్ని బట్టి మీరే ఆలోచన చేయండి." జనం ఆలోచించి చప్పట్లు కొట్టారు. బెల్టుల వల్ల కలిగే ప్రమాదాలపై విచారణ జరపాలని ఒక తీర్మానం చేశాం. దాన్ని బలపరిచింది నేనే. ఆ తర్వాత గాజు షీల్డు ప్రదానం జరిగింది. దాన్ని ఓబుళేశు గారే ముందు వారం కడపలో దగ్గరుండి చేయించారు. ఎంత నాజూకు పనో, వేలు తగిలితే పగిలేట్టుంది.

తిరుగు ప్రయాణంలో కటౌటు లేదు, తాళ్లు లేవు, చేతులు ఖాళీ. ఓబుళేశు గారు షీల్డును ఎక్కడ పెట్టాలా అని కారంతా వెతికారు. కింద పెడితే అదురుతుంది, వెనక పెడితే దొర్లుతుంది. చివరికి నడిమి సీట్లో, శివాని కూర్చున్న చోట పెట్టి, కింద కండువా సర్ది, బెల్టు తానే లాగి బిగించి, కదిలించి చూసి, తృప్తిగా తలాడించారు. శివానిని ముందుకు రమ్మని చేతులు చాచారు. పిల్ల పోబోయింది.

శిల్ప దాని భుజం పట్టి ఆపింది. ఆమె గొంతు పెంచలేదు.

"ఆ షీల్డు పగిలితే ఇంగోటి చేపిచ్చుకోవచ్చు మామా."

అంతే అంది. కారు తలుపు తెరిచి ఉందని లోపలి ఆడమనిషి ఇంగ్లీషులో చెబుతూనే ఉంది, ఎవరూ మూయలేదు. ఓబుళేశు గారు కింద కాళ్ల దగ్గర పెట్టిన నల్లరాతిని చూశారు. పిల్లను చూశారు. షీల్డు బెల్టు ఊడదీసి, మనవరాలిని ఎత్తి కూర్చోబెట్టి, బెల్టు బిగించి, రెండుసార్లు గుంజి చూశారు. తర్వాత ముందు సీట్లో కూర్చుని కిటికీ వైపు తిరిగిపోయారు.

షీల్డు నా ఒళ్లోకి వచ్చింది. అది పగిలితే సంఘం పరువేం కావాలి? అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదని తేల్చుకుని, దేవుడి బొమ్మ క్లిప్పు నెమ్మదిగా పీకి, షీల్డును, నన్ను కలిపి బెల్టు పెట్టేశాను. నా జన్మలో అదే మొదటిసారి. షీల్డు క్షేమంగా ఊరు చేరింది, నేను కూడా దాంతో పాటు చేరాను. దిగేటప్పుడు క్లిప్పు మళ్లీ దాని చోట గుచ్చేశాను, రేపు నా ఒళ్లో షీల్డు ఉండదు గదా.

మీరు నవ్వుతున్నారు, నవ్వండి. ఈ పేజీ మూసి పిల్లలతో కారెక్కినప్పుడు మీ కారు కూడా బుద్ధిగా నోరు మూసుకుని ఉంటుందని నాకు తెలుసు. ఉగాదికి మేం పంచిన క్లిప్పుల్లో ఇంతవరకు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.