బాత్రూంలోంచి ఇద్దరు పిల్లల తల్లి

మెత్తచెవుల మొగుళ్ళకు పేరుపడ్డ చైనా నగరం చెంగ్డూలో కూడా ఫాన్ దెలిన్ చెవులు మరీ మెత్తన. భార్య రుయిలాన్ ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. అలాంటి మనిషి జీవితంలో మొదటిసారి ఒక కుట్ర పన్నాడు. దానికి ఒక టీవీ డ్రామా కారణం.

బల్లమీదే పులుసు మరిగించుకుని అందులో ముంచుకు తినే హాట్‌పాట్ హోటల్లో రుయిలాన్ వంటశాలకు పెద్ద. ఆ హోటలువాళ్ళు చోంగ్‌చింగ్‌లో కొత్తది తెరుస్తూ, మేనేజరుగా వెళ్తావా, శుక్రవారంలోగా చెప్పమన్నారు. వెళ్తే ఇంటికి వారానికోసారే రావడం. రుయిలాన్ ఔననలేదు, కాదనలేదు. రోజూ అన్నాలయ్యాక అత్తగారి పక్కన కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ డ్రామా చూస్తోంది.

అందులో అక్కాచెల్లెళ్ళిద్దరు. అక్క మొగుడికి వడ్డిస్తూ ఏడుస్తుంది. చెల్లెలు ఊరు వదిలి ఉద్యోగానికి వెళ్ళి, ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా కంపెనీకి అధిపతి అవుతుంది.

చెల్లెలు తెరమీదికొస్తే దెలిన్‌కు గుండెదడ. పాపం, అతనికి కోడిగుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు.

డ్రామా నడుస్తుంటే, చూసేవాళ్ళు అప్పటికప్పుడు ఫోన్లోంచి రాసే మాటలు బొమ్మమీదుగా పరుగెత్తుతుంటాయి. రుయిలాన్‌కు డ్రామా కన్నా అవే ఇష్టం. పైకి చదువుతుంది కూడా. దెలిన్ ఫోను పట్టుకుని బాత్రూంలో దూరి, తలుపు గడియ పెట్టుకుని, తనూ ఒక మాట రాసి వదిలాడు.

"ఇద్దరు పిల్లల తల్లిగా చెబుతున్నా, అక్కే అసలైన ఆడది! ఆవిడ లేకపోతే ఆ మొగుడు ఏమైపోతాడో!"

అతని మాట చుట్టూ చక్కటి గడి కట్టి మరీ కనబడింది. మిగతావాళ్ళెవరికీ లేదు. బాగా రాసినవాళ్ళకు చేసే సన్మానం కాబోలనుకుని దెలిన్ కమోడ్ మూతమీద నిటారుగా సర్దుకున్నాడు.

"అత్తయ్యా, చూశారా, ఎవరో తల్లి ఎంత బాగా చెప్పిందో!" హాల్లోంచి రుయిలాన్ గొంతు.

"చెప్పదూ మరి! పిల్లల్ని కన్న మనిషి," అంది దెలిన్ తల్లి.

దాంతో రోజూ అదే పని. "చెల్లెలికి చివరికి మిగిలేది ఖాళీ ఇల్లే!" అని ఒకనాడు, "ఇద్దరు పిల్లల తల్లిగా కన్నీళ్ళాగడం లేదు" అని ఒకనాడు. రాసి బయటికొచ్చి, ఏమీ ఎరగనట్టు సోఫాలో కూలబడేవాడు.

"ఏమంటున్నారు జనం?"

"అక్కలా పడుండమంటున్నారు."

"జనం మాట కొట్టిపారెయ్యకూడదు రుయిలాన్."

"చెల్లెలి సంగతీ చూశాంగా. వానలో తడుస్తుంటే ఒక పొడుగాటి కోటీశ్వరుడొచ్చి గొడుగు పట్టాడు. ఈ కథల్లో ఆడదంటే ఏడ్చేదన్నా కావాలి, గొడుగు కింద నిలబడేదన్నా కావాలి. నాలాంటిది ఒక్కతీ లేదు."

"నీకూ గొడుగు పట్టేవాడు కావాలా ఏమిటి?"

"వద్దయ్యా. గిన్నెలు కడిగేవాడు చాలు."

గురువారం దెలిన్ ఆఖరి అస్త్రం తీశాడు. "ఇద్దరు పిల్లల తల్లిగా అడుగుతున్నా, ఆడది ఊరొదిలి పోతే మొగుడికి అన్నం ఎవరు పెడతారు?"

వెనకాలే ఇంకో మాట దూసుకొచ్చింది. "బాత్రూంలో కూర్చుని ఫోను నొక్కే ఆ చేతులే పెడతాయి."

దాని చుట్టూ కూడా గడి ఉంది. ఆ వెనకే ఇంకొన్ని మాటలు, ఒకదాని తోకపట్టుకుని ఒకటి వచ్చాయి. "నేను ఒక్క కొడుకు తల్లిని. బట్టలమిల్లులో నన్ను షెడ్డుకు పెద్దను చేస్తామన్నారు. పొరుగూరు. ఆయన వద్దన్నాడు, మానేశాను. అప్పుడు నేనేడ్చిన ఏడుపు ఏ డ్రామాలోనూ చూపించలేదు. నువ్వు వెళ్ళు, కోడలా."

అతను తలుపు తీశాడు. తల్లి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. చేతిలో ఫోను, ఒళ్ళో గింజల పొట్టు.

"డ్రామాలు చూడ్డానికి ఈ ఇంటికంతా ఖాతా ఒక్కటే, డబ్బు కట్టేది నేను," అంది రుయిలాన్ చల్లగా. "అదే నీ ఫోన్లో, అదే టీవీలో. మన ఖాతాలోంచి రాసింది మనకు తెలియాలనే చుట్టూ గడి కడతారయ్యా."

"అయితే మొదటిరోజే..."

"మొదటి మాటకే."

దెలిన్ తల్లివైపు తిరిగాడు. "నాకెప్పుడూ చెప్పలేదేమ్మా?"

"ఎవరడిగారు? మీ నాన్న ఎదురుగా నిలబడి బతిమాలాడురా, కాదనలేకపోయాను. నువ్వు బాత్రూంలో దాక్కున్నావు. మా పని తేలికైంది."

"నిజానికి నేనే తేల్చుకోలేకపోయాను. నువ్వొక్కడివీ ఏం తిప్పలు పడతావోనని బెంగ," అంది రుయిలాన్. "కానీ ఇన్ని రోజులు నడుము పట్టేసినా కదలకుండా కూర్చుని, ఆడదాని గొంతుతో అంత ఓపిగ్గా రాశావు. ఇంత ఓపికున్నవాడికి వంట ఓ లెక్కా అనిపించింది. పొద్దునే సరేనని చెప్పేశాను."

దెలిన్‌కు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకో ఇల్లయితే ఈపాటికి గిన్నెలు ఎగిరేవి. ఈ ఆడవాళ్ళిద్దరూ నవ్వి ఊరుకున్నారు. ఒకరు తనకోసం ఇన్నాళ్ళూ తటపటాయించారు, ఒకరు ఒక జీవితకాలం దిగమింగారు. 

"చాలా థాంక్స్," అన్నాడు, నేలచూపులు చూస్తూ.

"దేనికి?"

"తిట్టనందుకు. ఇంకా... ఇన్నాళ్ళు వండి పెట్టినందుకు. ఇద్దరికీ."

రుయిలాన్ కళ్ళు తుడుచుకుని గబగబా వంటింట్లోకి వెళ్ళింది. తల్లి మాత్రం ఒళ్ళో పొట్టు దులుపుకుని లేచి, ఒక వెల్లుల్లి గడ్డ తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"ఇన్నేళ్ళకు షెడ్డుకు పెద్దనయ్యాను. దొరికిన పనివాడు ఒక్కడే, వాడికీ పని రాదు. ఊఁ, ఒలువు."